తెరపాఠములు

క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి ఆవకాయ కలుపుట నేర్పవలెనన్న పాళ్లు కాగితముపై వ్రాసి యిచ్చిన చాలదు. అత్తగారో, తోడికోడలో ప్రక్కన కూర్చుండి, కారము కలుపుచు, నూనె పోయుచు, చేయుచున్న పనిని నోట చెప్పుచుండవలెను. కన్ను చేతిని చూచుచుండగా చెవి మాటను వినుచుండును. రెండును కలిసినప్పుడే పని పట్టుబడును. కంప్యూటరుపై చేయు పనులకును ఇదియే దారి. తన తెరపై తాను చేయుచున్న పనిని, చెప్పుచున్న మాటను కలిపి చిత్రముగా పట్టి యితరులకు పంపుటకు నేడు సాధనములున్నవి. అట్టి చిత్రమును ఇంగ్లీషున స్క్రీన్‌కాస్ట్ అందురు. జాన్ యూడెల్ అను అమెరికా పత్రికారచయిత దీనికొక పేరు సూచింపుడని 2004లో పాఠకులను కోరి, వచ్చిన వానిలో నుండి ఆ మాటను ఏరుకొనెను. మనము తెరపాఠమందము.

పేరు క్రొత్తదైనను పని పాతదే. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను శాస్త్రజ్ఞుడు సుమారు గంటన్నరసేపు తన కంప్యూటరు తెరను పెద్ద తెరపై చూపుచు, చేయుచున్న పనిని చెప్పుచు, నిండుసభకు ప్రదర్శించెను. నేడు మన పిల్లలు ఆటవస్తువువలె త్రిప్పు మౌసు అట్లు సభకెక్కినది ఆనాడే. దానికి ఎందరో పనివారు, పెద్ద యంత్రములు కావలసివచ్చెను. ఇప్పుడు ఒక మామూలు కంప్యూటరు, చిన్న మైకు, తలుపు వేసికొనుటకు వీలగు గది చాలును. తెరను పట్టుటకు ఓబీఎస్, ధ్వనిని పట్టుటకు ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులు ఉచితముగనే దొరకుచున్నవి.

ఈ సంగతి తెనాలి, బాపట్ల, రేపల్లె సోదరీమణులకు ప్రత్యేకముగా చెప్పుటకు కారణమున్నది. 1981లో బాపట్లలో ఇంజనీరింగు కళాశాల వెలసినది మొదలు ఆ చదువు ఈ ప్రాంతపు ఆడుపిల్లలకు చేరువైనది. చదివినవారిలో హైదరాబాదునకో బెంగుళూరునకో పోయి యుద్యోగము చేయువారు కొందరు. పెండ్లియై, పిల్లలు కలిగి, పట్టాను బీరువాలో పెట్టినవారు కొందరు. ఈ రెండవవారిని చూచి “చదివించినది వృథాయైనది గదా” అను పెద్దలు ప్రతి వీధిలోను గలరు. అట్టి సోదరికి ఈ పని తగినదని నా యభిప్రాయము. ఇల్లు కదలనక్కరలేదను సుళువు మాట నేననుటలేదు. ఇంటనుండి చేయు పనులు చాల గలవు. ఈ పనిలో ఆమెకు పట్టణపు నిపుణులకు లేని యొక బలమున్నది. ఆ సంగతికే వచ్చుచున్నాను.

తెరపాఠములు రెండు తెగలు. మొదటిది అమ్మకమునకు, రెండవది నేర్పుటకు. తెనాలిలో నొక చిన్న సంస్థ కిరాణా దుకాణములకు బిల్లులు వ్రాయు సాఫ్ట్‌వేరు చేసినదనుకొందము. దుకాణదారునిచేత కొనిపించుటకు రెండు మూడు నిమిషముల చిత్రము చాలును. అందు మొట్టమొదట చూపవలసినది పూర్తియైన బిల్లు. వడ్డించిన విస్తరి చూచిన పిదపగదా వంట యెట్లు చేసితిరని అడుగుదురు! ఇట్టి చిత్రమునకు గల శక్తికి డ్రాప్‌బాక్స్ కథ ప్రసిద్ధము. దాని నిర్మాత డ్రూ హ్యూస్టన్ సాఫ్ట్‌వేరు అందరకు అందకమునుపే దాని పని చూపు చిన్న చిత్రమును తన గొంతుతో చేసి విడువగా, 2008లో ఒక్క రాత్రిలో వేచియున్నవారి సంఖ్య 5,000 నుండి 75,000 అయ్యెనని చెప్పుకొందురు.

అమ్మకము తీరినపిదప అసలు కష్టము. ఆ దుకాణపు గల్లాపెట్టె దగ్గర కూర్చుండునది రేపల్లెలో నొక యిల్లాలు. ఆమెకు ఇంగ్లీషు అక్షరములు తెలియును, వాక్యములు తెలియవు. పన్ను గడిలో అంకె తప్పినచో నష్టము ఆమెదే, మాటపడుటయు ఆమెయే. ఆమెకు కావలసినది రెండవ తెగ పాఠము. దానిని చేయుట మొదటిదానికంటె చాల కష్టము.

ఈ తెగలో మన దేశమున జరిగిన పెద్ద ప్రయత్నము బొంబాయి ఐఐటీవారి స్పోకెన్ ట్యుటోరియల్. ఆచార్య కణ్ణన్ మౌద్గల్య నాయకత్వమున, కేంద్ర ప్రభుత్వపు ధనసహాయముతో సాగిన పని యిది. లిబ్రే ఆఫీసు, పైథాన్, సైల్యాబ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులను సుమారు పదేసి నిమిషముల పాఠములుగా విభజించి, గురువు లేకయే నేర్చుకొనునట్లు కూర్చిరి. తెరపై నొక ప్రక్క పాఠము, వేరొక ప్రక్క సాఫ్ట్‌వేరు తెరచుకొని, విన్నదానిని వెంటనే చేయుచు పోవలెను. తెరపై కనబడునది ఇంగ్లీషే; వినబడు మాటను తెలుగుతో సహా 22 భాషలలోనికి మార్చుటకు పూనుకొనిరి. అనంతరము ఈ పద్ధతినే తల్లులకు, శిశువులకు పోషణ నేర్పుటకును వాడిరి.

వారి పనిలో మనము గ్రహింపదగినవి రెండు. మొదటిది, మాట ముందుగా వ్రాసికొనుట. కాగితమును రెండు వరుసలు చేసి, ఒక వరుసలో తెరపై జరుగు క్రియ, ఎదుట చెప్పవలసిన మాట వ్రాయుదురు. అప్పటికప్పుడు తోచినది చెప్పబోయిన “అదీ… ఇప్పుడూ…” అను నసుగుడే సగము పాఠమగును. రెండవది మరింత మేలైనది. వ్రాసినదానిని ఆ సాఫ్ట్‌వేరు ఎరుగనివారిచేత చదివించి, ఆ మాటల ప్రకారము చేయించి చూతురు. అట్టివారు ఆగినచోట పాఠము తప్పు, వారు కాదు. బుర్రకథలో కథకుని ప్రక్కనున్న వంతలు “అదేమిటి?” అని వినువారి పక్షమున అడుగుట మీరెరుగుదురు గదా; ఆ యడుగువారు లేక కథ నడవదు. సాఫ్ట్‌వేరు చేసినవారు తాము ఎరుగని దినమును మరచియుందురు. అత్తగారికి ఫోనులో డబ్బు పంపుట నేర్పి, ఆమె ఎక్కడ ఆగునో కన్నులార చూచిన కోడలు దానిని మరవలేదు. నేను చెప్పిన బలమిదియే.

ఇక భాష. “క్లిక్” అను క్రియ ఇంగ్లీషున ముందు వచ్చును, ఎక్కడ అనునది పిదప వచ్చును. తెలుగున “పై వరుసలో ఎడమ ప్రక్కనున్న ఫైల్ అను మాటపై నొక్కండి” అందుము. చోటు ముందు, క్రియ చివర. వినుచున్న కన్ను చోటు చేరిన తరువాతనే నొక్కుమను మాట వచ్చును. పాఠము చెప్పుటకు ఇంతకంటె అనువైన వరుస వేరొండు లేదు. కాని ఇంగ్లీషు మాటకు తగినట్లు పట్టిన చిత్రముపై తెలుగు మాట అతికించునపుడు ఈ వరమే చిక్కగును. మనము “నొక్కండి” అనునప్పటికి తెరపై నొక్కుట అయిపోయి క్రొత్త గడి తెరచుకొనును. వాక్యమును కుదించినగాని పొసగదు. కావున అవకాశమున్నచో తెలుగునకు చిత్రమును వేరుగా పట్టుటయే మేలు. మరియొక మాట: తెరపై “సేవ్” అని యున్నప్పుడు “భద్రపరచుము” అని పలుకకుడు. వినునామె ఆ మాట కొరకు తెరయంతయు వెదకును. భాషాభిమానులు నన్ను కోపగింతురుగాక. తెరపై నున్న పేరునే పలికి, దాని పని ఏమో మంచి తెలుగున చెప్పవలెను. అదియు వ్యాసము చదివినట్లు గాక, ఇంటిలో మాటాడు తెలుగుననే.

చేయి మాటకంటె ముందు పరుగెత్తరాదు. బాపట్లలో 1902లో జన్మించి, తెనాలి రామవిలాససభ నాటకములలో సత్యభామగా వెలసిన స్థానం నరసింహారావుగారి కీర్తి చాలవరకు ఇట్టి పొందికవలననే గదా. మాట, చూపు, చేయి ఒక్కటై నడచినప్పుడే ఆ పురుషునిలో ప్రేక్షకులు స్త్రీని చూచిరి. తెరపై మన చేయి ఆ చిన్న బాణపుగుర్తు. కొందరు మాటాడునంతసేపును దానిని ఈగవలె త్రిప్పుచుందురు. చూచువారికి తల తిరుగును. చెప్పుచున్న చోట దానిని నిలిపి, మాట ముగిసినపిదప కదపవలెను. అక్షరములను మాత్రము పెద్దవి చేయుడు. మీరు పెద్ద తెరపై చేసినను, రేపల్లెలో నామె చూచునది అరచేతిలోని ఫోనుపైననే.

ధ్వని కొరకు ఫ్యాను ఆపక తప్పదు. వేసవిలో ఇది చిన్న తపస్సు. రైలుకట్టకు దగ్గరి యిండ్లవారు బండ్ల వేళ లెరిగి కూర్చుండవలెను. పాఠమంతయు ఒక్క బిగిని పట్టక, ముక్కలుగా పట్టి అతుకుడు. సాఫ్ట్‌వేరు మారి ఒక మీట వేరొక చోటికి పోయినప్పుడు ఆ ముక్క నొక్కదానినే మరల చేయవచ్చును. మారిన మీటను పాతచోటనే చూపు పాఠము లేని పాఠముకంటె చెరుపు.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది ఇతరుల గుట్టు. దుకాణపు నిజమైన ఖాతా తెరచి పాఠము పట్టినచో, ఎవరెంత బాకీయో, ఎవరి ఫోను సంఖ్య యేదో లోకమంతయు చూచును. పేరులు, అంకెలు కల్పించి వేరొక ఖాతా సిద్ధము చేసికొనవలెను. పట్టుచున్నంతసేపు బ్యాంకు సందేశములు, కుటుంబపు కబురులు తెరపైకి రాకుండ ఆపియుంచుడు. ఒకసారి విడిచిన చిత్రమును వెనుకకు తెచ్చుట మన చేతిలో లేదు.

ప్రతిఫలము సంగతి పని మొదలు పెట్టకముందే మాటాడుకొనుడు. నిమిషమునకింత యని బేరము సాగుచుండును గాని, ఐదు నిమిషముల చిత్రము వెనుక రెండు మూడు దినముల వ్రాత, పరీక్ష, దిద్దుబాటు ఉండును. వాని నెవ్వరును లెక్కింపరు. ఎన్నిసార్లు మార్పులు చేయవలెనో, సాఫ్ట్‌వేరు మారినపుడు మరల పట్టుటకు వేరుగా నిత్తురో లేదో, చిత్రము చివర మీ పేరు వేయుదురో లేదో కాగితముపై వ్రాయించుకొనుడు. “ఇంటనే గదా చేయుచున్నావు” అను మాట ధర తగ్గించుటకు పుట్టినదే. ఒప్పందము చేతికి వచ్చిన పిదప ఫ్యాను ఆపి మైకు ముందు కూర్చుండుడు.