చందమామ ధారావాహికలు – అభిమానుల ఆశాభంగము

ఒక అద్భుతకథాలోకమును బాల్యమునుండి ప్రేమించినవారే కాలక్రమమున దానిపై కినుక వహించుట తెలుగునాట 'చందమామ' విషయమున స్పష్టముగా కనబడును. 1947 జులైలో మద్రాసునుండి వెలువడిన ఈ పత్రికలో 1954లో దాసరి సుబ్రహ్మణ్యముగారి 'తోకచుక్క' ప్రారంభమైనది. 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' పిమ్మట వచ్చినవి. వీనికి 'చిత్ర' బొమ్మలు వేసిరి. 1952నుండి సంపాదకభారము మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారు రచనలన్నిటిని ఒకే సరళవ్యావహారికమున తీర్చిదిద్దిరి.

'చిత్ర' 1978లోను, కుటుంబరావుగారు 1980లోను గతించిరి. పత్రిక 2007లో జియోడెసిక్ సంస్థ పరమై 2013లో నిలిచిపోయినది. చివరి సంవత్సరములలో 'ఇది పూర్వపు చందమామ కాదు' అనుట పాత పాఠకులకు పరిపాటి యయ్యెను. దీనిని బాల్యవ్యామోహమని త్రోసివేయుట న్యాయము కాదు.

జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ తెచ్చిన చిందుయక్షగానమును దీనితో పోల్చి చూడవచ్చును. అందలి కథ ప్రేక్షకులకు ముందే తెలియును. ఆట ఆటకును మాట మారినను వారు నొచ్చుకొనరు; నటుడు యెదుటనే యుండి వారి మెప్పును బట్టి కథను పెంచును, కుదించును. అచ్చుకథకు ఆ వెసులుబాటు లేదు. నెలనెల ఒకే చేతి గీతను, ఒకే పలుకుబడిని చూచిన పాఠకుని మనస్సులో మాంత్రికుని గడ్డము సైతము స్థిరపడిపోయినది! (రాజకుమారుల ముఖము లంతగా గుర్తుండవు, అది వేరు సంగతి.) అతడు క్రొత్తకథను కోరకపోలేదు, ఆ పాత గొంతుతో వినగోరెను. ఆ గొంతు రచయిత, చిత్రకారుడు, సంపాదకుడు మువ్వురును కలిసి యేర్పరచినది. అందుచేతనే అభిమానులు పాత సంచికలను వెదకి, ప్రతులు తీసి, దాచుకొనుచున్నారు.