నల్లబడిన వెండి ఏరు

పారసీక మహాకవి ఫిరదౌసి సుమారు 1010లో పూర్తిచేసిన 'షానామా' ఇరాన్ రాజుల, వీరుల గాథ. ఐదు శతాబ్దాల తరువాత, తబ్రీజ్ నగరంలో షా తహ్మాస్ప్ కొలువులోని చిత్రకారులు ఆ కావ్యానికి 258 చిత్రాలతో ఒక ప్రతిని రూపొందించారు. వాటిలో 78 నేడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇటువంటి చిత్రాలలో వాడిన రంగులలో అధికభాగం ఖనిజములే. నీలానికి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల లాజవర్దం. ఎరుపునకు పాదరసం, గంధకం కలిసిన ఇంగిలీకం. పసుపునకు ఆర్సెనిక్, గంధకం కలిసిన హరిదళం. వీటిని మెత్తగా నూరి, బంకనీటితో కలిపి, సన్నని కుంచెతో కాగితంపై పూసేవారు. లాజవర్దంలో మూడేసి గంధక పరమాణువుల గుంపులు స్ఫటికపు గూళ్ళలో భద్రంగా బంధింపబడి ఉంటాయి. అందువల్లనే ఆ నీలం నేటికీ వన్నె తగ్గలేదు.

వెండికి అట్టి రక్షణ లేదు. ఏరులను, కొలనులను చిత్రించుటకు పారసీక చిత్రకారులు వెండిపొడిని వాడేవారు. గాలిలో స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి అది నల్లని సిల్వర్ సల్ఫైడ్‌గా మారింది. మన పూజగదిలోని వెండి కుందులు నల్లబడుటకూ కారణమిదే. కుందులను తోమి మెరిపించవచ్చును. చిత్రాన్ని తోమితే బొమ్మయే చెరిగిపోతుంది.

ఆకుపచ్చ రంగు మరింత ప్రమాదకరం. రాగిరేకులపై పులిసిన ద్రాక్షరసపు ఆవిరి సోకినప్పుడు ఏర్పడే చిలుమునే ఆ రంగుగా వాడేవారు. అందులోని రాగి, కాగితంలోని సెల్యులోజ్ ఆక్సీకరణను త్వరితం చేస్తుంది. క్రమంగా కాగితం గోధుమవన్నెకు మారి, పెళుసై, రంగు పూసినంత మేర విరిగి రాలిపోతుంది. పాత పారసీక గ్రంథాలు చిలుముతో కొంచెం కుంకుమపువ్వు కలపమని చెప్పాయి. కుంకుమపువ్వు ఆమ్లతను అదుపులో ఉంచి కాగితాన్ని కాపాడుతుందని ఆధునిక ప్రయోగాలు నిరూపించాయి. రసాయన సమీకరణాలు తెలియకున్నను, అనుభవం ఆ పనివారికి మార్గం చూపింది.

నేడు రామన్ వర్ణపటం సహాయంతో, చిత్రం నుండి రవ్వంతైనా గీకకుండా, ఏ రంగు ఏ పదార్థమో గుర్తించగలుగుతున్నారు. మసక వెలుతురు, నిలకడగల తేమ వంటి జాగ్రత్తలు క్షయాన్ని నెమ్మదింపజేస్తాయి గాని, పోయిన వన్నెను తిరిగి తేలేవు. కనుక మ్యూజియంలో ఒక చిన్నారి "ఏరు నల్లగా ఉన్నదేమి?" అని అడిగితే, చిత్రకారుడు దానిని వెండితో చిత్రించాడని, కాలమే దానిని నల్లబరచిందని తల్లిదండ్రులు చెప్పవచ్చును.