నడిపించే పాదాలకు నొప్పి వస్తే

తెల్లవారుతుంది. ఇల్లాలు పక్క దిగి నేలమీద కాలు మోపుతుంది. చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది, పాదం వంగనంటుంది. గోడ ఆసరాతో నాలుగడుగులు వేసి, "వాతం చేసింది, వయసు మీదపడుతోంది కదా!" అని తనకు తానే సర్దిచెప్పుకుని వంటింట్లోకి వెళుతుంది. దేశంలో ఎన్నో ఇళ్ళలో ప్రతి ఉదయం జరిగే సంగతే ఇది.

ఆ సర్దుబాటులోనే ప్రమాదం పొంచి ఉంది. 'వాతం' అనే ఒక్క మాట చాటున అనేక వ్యాధులు దాగి ఉంటాయి. వాటి కారణాలు వేరు, చికిత్సలు వేరు. కొన్నింటి విషయంలో ఆలస్యానికి మూల్యం శాశ్వతమైన అంగవైకల్యం.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. నూటికి పైగా కండరాలు, స్నాయువులు, సంధిబంధనాలు వాటిని నిలబెడుతున్నాయి. ఎముకల కొనలను కప్పి ఉండే నున్నని మృదులాస్థి వల్ల కీళ్ళు రాపిడి లేకుండా కదులుతాయి. ఆ మృదులాస్థి అరిగినా, కీలు లోపలి పొర వాచినా అడుగు తీసి అడుగు వేయడం కష్టమవుతుంది.

మూడు రూపాలు

మొదటిది అరుగుదల వల్ల వచ్చే ఆస్టియో ఆర్థ్రైటిస్. ఇది తరచు బొటనవ్రేలి మొదట్లోనూ, పాదం మధ్యభాగంలోనూ కనిపిస్తుంది. చీలమండలో మాత్రం ఒక విశేషం ఉంది. మోకాలివలె అది కేవలం వయసువల్ల అరిగిపోవడం అరుదు. చీలమండ అరిగినవారిలో అత్యధికులకు ఎప్పుడో అక్కడ ఎముక విరిగి ఉంటుంది, లేదా పలుమార్లు కాలు బెణికి ఉంటుంది.

రెండవది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున తన కీళ్ళమీదనే దాడి చేస్తుంది. సాధారణంగా రెండు పాదాలలోనూ వ్రేళ్ళ మొదళ్ళు వాస్తాయి. ఉదయపు బిగువు అరగంట దాటినా సడలదు. ఇది స్త్రీలలో ఎక్కువ, యౌవనంలోనూ రావచ్చు.

మూడవది గౌట్. అర్ధరాత్రివేళ బొటనవ్రేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్లుంటుంది. రక్తంలో అధికమైన యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మారి కీలులో చేరడమే దీనికి కారణం. గౌట్ రోగుల రక్తంలో ఈ ఆమ్లం అధికంగా ఉంటుందని ఆంగ్ల వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ 1848లో నిరూపించాడు. ఆ ఆమ్లాన్ని తగ్గించే మందులు నేడు ఉన్నాయి.

జ్వరంతో కలిసి ఒకే కీలు వేడెక్కి వాచినట్లయితే అది చీము పట్టడం కావచ్చు. ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాలం విలువ

రుమటాయిడ్ వ్యాధిలో తొలి నెలలు అమూల్యమైనవి. అప్పుడే చికిత్స ఆరంభిస్తే కీళ్ళు వంకరపోకుండా కాపాడవచ్చు. ఇందుకు నేటికీ వైద్యులు మొదట ఎంచుకునే ఔషధం మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో సాగించిన పరిశోధనల ఫలమిది. మొదట క్యాన్సరుకు వాడిన ఈ మందును 1988లో అమెరికా ప్రభుత్వం రుమటాయిడ్ చికిత్సకూ ఆమోదించింది. అయితే దీనిని వైద్యుని పర్యవేక్షణలో, వారానికి ఒక్కరోజే తీసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం.

దుకాణంలో అడిగి కొనే నొప్పి మాత్రలు దీర్ఘకాలం వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పేరూ ఊరూ లేని చూర్ణాలలో స్టెరాయిడ్లు కలిసి ఉండే అవకాశమూ ఉంది.

చెప్పులూ వైద్యమే

వ్రేళ్ళు కదలడానికి చోటున్న, మడమ ఎత్తులేని, వెనుక పట్టీ ఉన్న మెత్తని పాదరక్షలు శ్రేష్ఠం. బొటనవ్రేలు నొప్పిగా ఉన్నవారికి వంగని గట్టి అడుగుభాగం హాయినిస్తుంది. సాయంత్రానికి పాదాలు కొంత ఉబ్బుతాయి గనుక కొనుగోలు అప్పుడే మంచిది. రాతి గచ్చుమీద వట్టి కాళ్ళతో గంటలకొద్దీ నిలబడరాదు.

నొప్పి ఉన్నదని పూర్తిగా కదలకుండా కూర్చుంటే కండరాలు సన్నగిల్లి కీలు మరింత బిగుసుకుంటుంది. మంచం దిగకముందే పాదాలను గుండ్రంగా పదిసార్లు తిప్పాలి. గోడకు చేతులానించి, వెనుక మడమ నేలకు తాకి ఉండగా పిక్కను సాగదీయాలి. ఈత, సైకిలు తొక్కడం కూడా మేలు. మరునాటికి నొప్పి పెరిగితే వ్యాయామం కొంత తగ్గించాలి. నడిచేటప్పుడు చీలమండమీద శరీరపు బరువుకు కొన్ని రెట్ల భారం పడుతుంది. కనుక అధిక బరువు కొంత తగ్గినా పాదానికి ఊరటే.

ఇవేవీ ఫలించనప్పుడు శస్త్రచికిత్స ఉన్నది. చెడిన కీలును అతికించివేయడం ఒక పద్ధతి, కొందరికి కృత్రిమ కీలు అమర్చడం మరొకటి.

వైద్యుని వద్దకు వెళ్ళేముందు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. నొప్పి ఏ వేళలో వస్తోంది? ఉదయపు బిగువు ఎంతసేపు ఉంటోంది? ఒక కాలా, రెండు కాళ్ళా? పూర్వం ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? గోడ పట్టుకుని నడిచే ఆ ఇల్లాలు ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలదు. ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.