వదిలేసిన అమ్మాయి మాటా విన్న సినిమా

ప్రేయసి వెళ్లిపోయింది. అతను ఏడ్చాడు, తాగాడు, అన్నీ మర్చిపోదామని హవాయి విమానం ఎక్కాడు. దిగీ దిగగానే అక్కడ ఆమే ఎదురైంది, కొత్త ప్రియుడితో! 2008లో వచ్చిన ‘ఫర్‌గెటింగ్ సారా మార్షల్’ కథ ఇది. పెద్దలకు మాత్రమే అనిపించే జోకుల మధ్య, బ్రేకప్ గురించి చాలా సినిమాలు దాచిపెట్టే నిజాన్ని ధైర్యంగా చెప్పిన కామెడీ.

ఆ ఏడాది సినిమా విడుదలకు ముందు అమెరికా నగరాల్లో వింత హోర్డింగులు వెలిశాయి. తెల్లటి బోర్డు మీద నల్లటి చేతిరాత. ‘సారా మార్షల్, నిన్నెప్పుడో మర్చిపోయా’ అన్నది ఒకదాని భావం. మా అమ్మకి నువ్వంటే మొదట్నుంచీ గిట్టదని ఇంకొకటి. ఆ జీన్స్‌లో నువ్వు లావుగానే కనిపిస్తావని మరొకటి. తారల ఫొటోల్లేవు. ఎవరో భగ్నప్రేమికుడు కసితీరా రాసి ఊరంతా అంటించినట్టే ఉన్నాయి. నిజంగా ఆ పేరున్న కొందరు మహిళలు వాటిని చూసి నొచ్చుకున్నారు కూడా.

అది యూనివర్సల్ సంస్థ చేసిన ప్రచారం. ఏప్రిల్ 18న సినిమా విడుదలయ్యాక థియేటర్లో కనిపించింది వేరు. ఊరంతా తిట్లు తిన్న ఆ అమ్మాయికి సినిమా తన వైపు కథ చెప్పుకునే అవకాశం ఇచ్చింది. సుమారు 30 మిలియన్ డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 100 మిలియన్లకు పైగా వచ్చాయి. ఆ లెక్కలు పాతబడ్డాయి. అమ్మాయికి దక్కిన ఆ న్యాయం మాత్రం ఇప్పటికీ పాతబడలేదు.

తువ్వాలు జారిన క్షణం

పీటర్ బ్రెటర్ లాస్ ఏంజెలెస్‌లో ఉంటాడు. ఓ టీవీ క్రైమ్ సీరియల్‌కి నేపథ్య సంగీతం ఇస్తుంటాడు. శవం కనిపించినప్పుడో, డిటెక్టివ్ కళ్లు చిట్లించినప్పుడో వచ్చే ‘భయం భయం’ మోతలే అతని పని. ఆ సీరియల్ హీరోయిన్ సారా మార్షల్ ఐదేళ్లకు పైగా అతని ప్రియురాలు. ఓ రోజు ఆమె వస్తోందని స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఎదురొస్తాడు పీటర్. విడిపోదామనే మాట ఆమె నోటి నుంచి రాబోతోందని అర్థమవగానే ఆ తువ్వాలు జారిపోతుంది. అతను అలాగే నిలబడి ఏడుస్తాడు. బట్టలేసుకుని మాట్లాడుకుందామని ఆమె బతిమాలినా వినడు. బట్టలేసుకుంటే అంతా అయిపోయిందని ఒప్పుకున్నట్టేనని అతని భయం.

ఈ సన్నివేశం ఊహించి రాసింది కాదు. పీటర్‌గా నటించిన జేసన్ సీగెలే స్క్రిప్టు రాశాడు. తన జీవితంలోనూ ఒకమ్మాయి సరిగ్గా ఇలాంటి స్థితిలోనే విడిపోదామని చెప్పిందని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పాడు. పెద్ద స్టూడియో కామెడీల్లో అప్పటిదాకా నగ్నత్వమంటే ఎక్కువగా ఆడవాళ్లదే, చూపరుల కోసమే. ఇక్కడ ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడింది మగాడు. కండలు తిరిగిన దేహమూ కాదు, దాచుకునే ఉపాయమూ లేదు. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వులోనే జాలి కూడా పుడుతుంది. ఈ సినిమాలో బూతుకి ఉన్న పని ఇదే. మనిషి తనకు తాను చెప్పుకునే గొప్పలన్నీ ఒలిచేసి, మిగిలినవాణ్ని చూపిస్తుంది.

సీగెల్‌ని ఈ దారి పట్టించింది నిర్మాత జడ్ ఆపటో. ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ సీరియల్ రోజుల నుంచీ ఇద్దరికీ పరిచయం. నీ కథ నువ్వే రాసుకోమని ప్రోత్సహించాడు. దర్శకుడు నికొలస్ స్టోలర్‌కి ఇదే మొదటి సినిమా.

పారిపోయిన చోటే ఎదురైతే

ఓహూ దీవిలోని టర్టిల్ బే రిసార్టుకు వెళతాడు పీటర్. సారా ఎప్పుడూ చెప్పే చోటు అది. అక్కడే ఆమె బ్రిటిష్ రాక్ గాయకుడు ఆల్డస్ స్నోతో కనిపిస్తుంది. ఉండటానికి గది కూడా దొరకని పీటర్ మీద జాలిపడి, రిసెప్షన్‌లో పనిచేసే రేచల్ ఖరీదైన సూట్ తాళం చేతిలో పెడుతుంది.

ఆ తర్వాత సందడంతా చుట్టూ ఉన్నవాళ్లది. సర్ఫింగ్ నేర్పే కూనూ (పాల్ రడ్), ఆల్డస్‌ని దేవుడిలా కొలిచే వెయిటర్ (జోనా హిల్), హవాయి చేపల పేర్లన్నీ అప్పజెప్పే బార్‌మన్, తొలిరాత్రి తంటాలు తీరని కొత్త జంట. విందు కోసం పీటర్ చేత పందిని చంపించే వంటవాడు కీమో పాత్రలో టేలర్ వైలీ కనిపిస్తాడు. ఒకప్పటి సూమో యోధుడైన ఆయన 2024లో కన్నుమూశాడు. పాత్ర చిన్నదే అయినా వైలీ ముఖంలోని ఆప్యాయత మర్చిపోలేం.

ఒక లోపం కూడా చెప్పాలి. హవాయి వాళ్లు ఈ కథలో బయటి నుంచి వచ్చినవాడి గాయానికి మందు రాసేవాళ్లుగానే ఉంటారు. వాళ్లకంటూ కథ దాదాపు లేదు. ఇప్పుడు చూస్తుంటే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మిలా కూనిస్ చేసిన రేచల్ మాత్రం హీరోని బాగుచేయడానికే పుట్టిన అమ్మాయి కాదు. ఆమె కూడా ఒకడి వెంట ఈ దీవికి వచ్చి, మోసపోయి, ఇక్కడే ఉండిపోయింది. లాయియే పాయింట్ దగ్గర కొండ మీంచి ముందు తనే సముద్రంలోకి దూకుతుంది. పీటర్ అంచున పొదలు పట్టుకుని వేలాడుతుంటే కింద నీళ్లలోంచి వదిలెయ్ వదిలెయ్ అని అరుస్తుంది. మాట చెప్పి ఊరుకోకుండా ముందు తాను చేసి చూపించే మనిషి ఆమె.

ఆమె చెప్పిన కారణం

బ్రేకప్ కథల్లో వెళ్లిపోయినవాళ్లు సాధారణంగా దుర్మార్గులు. ప్రేక్షకుడు మిగిలినవాడి పక్షం. ఈ సినిమా కూడా సగం దాకా అలాగే నడుస్తుంది. సారా డబ్బూ పేరూ చూసుకుని వెళ్లిపోయిందనే అనుకుంటాం. చాలాకాలం చాటుగా మోసం చేసిందని తెలిసినప్పుడు ఆ అభిప్రాయం గట్టిపడుతుంది కూడా.

అలాంటి సినిమాలో ఎందుకిలా చేశావని పీటర్ నిలదీసినప్పుడు సారా జవాబు చెబుతుంది. క్రిస్టెన్ బెల్ ఆ మాటల్ని గొంతు పెంచకుండా, కళ్లలో నీళ్లతో చెబుతుంది. రోజుల తరబడి సోఫా దిగని మనిషిని, బయటి వెలుతురు చూడని మనిషిని లేపడానికి తాను ఎంత ప్రయత్నించిందో ఒక్కొక్కటీ చెప్పుకొస్తుంది. థెరపిస్టు దగ్గరికి వెళ్లింది. అమ్మని అడిగింది. పుస్తకాలు చదివింది. క్లాసులకు వెళ్లింది. ఇవేవీ పీటర్ కంట పడలేదు. నిన్ను నువ్వు పట్టించుకోవడం మానేశాక నిన్ను చూసుకోవడం నా వల్ల కాలేదన్నదే ఆమె మాటల సారం.

పీటర్ దగ్గర జవాబు లేదు. తనకు జరిగిన అన్యాయాన్నే తలుచుకుంటూ సముద్రం దాటి వచ్చినవాడికి, ఆ ఐదేళ్లలో ఇంకో మనిషి కూడా ఒంటరిగా బాధపడిందని మొదటిసారి తెలుస్తుంది. ఆమె మోసం ఒప్పు అయిపోదు. అతని బాధ అబద్ధమూ అయిపోదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకున్న రొమాంటిక్ కామెడీలు తక్కువ. ఈ సన్నివేశాన్ని తీసేస్తే మిగిలేది సరదా సినిమా. ఇది ఉండబట్టే మంచి సినిమా అయింది.

ఇది చూస్తుంటే మన సినిమాలు గుర్తుకు రాక మానవు. 1953 నాటి ‘దేవదాసు’ నుంచి 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ దాకా, లవ్ ఫెయిల్యూర్ అయిన మగాడి చేతికి సీసా ఇచ్చి, పతనమంతా దగ్గరుండి చూశాం. ఆ బాధను మనవాళ్లు గొప్పగా తీశారు. అయితే ఆ బాధలో నీ వంతెంత అని ఎదురుగా కూర్చుని అడిగే అమ్మాయికి మన కథల్లో చోటు ఇంకా రావాల్సే ఉంది.

డ్రాక్యులా పాడిన పాట

పీటర్‌కి ఎవరికీ చెప్పని కల ఒకటుంది. డ్రాక్యులా ప్రేమకథను బొమ్మలాటతో సంగీత నాటకంగా వేయాలని. సీరియల్ సంగీతం అన్నం పెడుతుంది కాబట్టి ఆ కలని ఏళ్లుగా అటకెక్కించాడు. అందులోని పాటని బార్‌లో జనం ముందు పాడమని రేచల్ పట్టుబడుతుంది. సిగ్గుపడుతూ మొదలుపెట్టిన పాటలో డ్రాక్యులా గొంతు రాగానే పీటర్ ముఖం మారిపోతుంది. సినిమా మొదలయ్యాక అతను తన పని తాను ఇష్టంగా చేయడం అప్పుడే చూస్తాం.

సీగెల్ అవకాశాల్లేని రోజుల్లో నిజంగానే ఇలాంటి డ్రాక్యులా నాటకం రాసుకున్నాడు. సినిమాలోని బొమ్మల్ని జిమ్ హెన్సన్ సంస్థ తయారుచేసింది. ఆ బొమ్మల మీది ప్రేమతోనే సీగెల్, స్టోలర్ కలిసి 2011 నాటి ‘ది మప్పెట్స్’ రాశారు.

హవాయి నుంచి తిరిగొచ్చాక పీటర్ ఇల్లు సర్దుకుని ఆ నాటకాన్ని పూర్తిచేస్తాడు, రంగస్థలం మీద వేస్తాడు, రేచల్‌ని పిలుస్తాడు. సారా మీద గెలిచి చూపించాలన్న పంతం అందులో లేదు. సోఫా మీద కూలబడినవాడు లేచి చేయాల్సిన పని అదేనని సారా ఎప్పుడో చెప్పింది. అతను ఇన్నాళ్లకు విన్నాడు.

శత్రువుకీ మనసుంది

ఆల్డస్ స్నో పాత్రని మొదట ఓ బ్రిటిష్ రచయితగా రాశారు. ఆడిషన్‌కి వచ్చిన రస్సెల్ బ్రాండ్‌ని చూశాక రాక్‌స్టార్‌గా మార్చారు. ప్రియురాలిని ఎగరేసుకుపోయినవాడు కాబట్టి అతన్ని అసహ్యించుకోవాలి. కానీ అతను దాపరికం తెలియనివాడు. పీటర్ సంగీతాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాడు. సముద్రంలో ఇద్దరూ ఢీకొని అతని కాల్లో పగడపు ముక్క దిగినప్పుడు దాన్ని లాగేది పీటరే. ఈ పాత్ర ఎంతగా నచ్చిందంటే, స్టోలర్ 2010లో అతన్నే హీరోని చేసి ‘గెట్ హిమ్ టు ద గ్రీక్’ తీశాడు.

బ్రేకప్ అయిన స్నేహితుడికి మనం సాధారణంగా ఇచ్చే సలహా, ఆ అమ్మాయిని మర్చిపోరా అని. సినిమా పేరులోనూ ఆ మాటే ఉంది. కథ మాత్రం ఇంకో దారి చూపిస్తుంది. వెళ్లిపోయినవాళ్లు చెప్పేది పూర్తిగా విను, నీ తప్పెంతో తేల్చుకో, వాయిదా వేసిన పని చేతిలోకి తీసుకో అంటుంది. మనసు విరిగినవాళ్లు దీన్ని రెండుసార్లు చూడాలి. మొదటిసారి పీటర్ పక్కన కూర్చుని నవ్వుకోవాలి. రెండోసారి సారా పక్కన కూర్చోవాలి. ఆ రెండోసారి తెలిసేదే తర్వాతి ప్రేమకు పనికొస్తుంది.