కర్ర ఎత్తే ముందు పేరు తెలుసుకోవాలి

పెరట్లో, పొలంగట్టున కనిపించే ప్రాణుల్లో పగవాళ్లకంటే పనివాళ్లే ఎక్కువ

అవనిగడ్డ: తొలకరి పడి కాలువలకు నీళ్లొదిలారంటే దివిసీమ పల్లెల్లో ఏ అరుగు మీద చూసినా ఒకటే కబురు. నిన్న ఫలానా వారి గడ్డివాములో పాము కనపడిందట. మొన్న పెరట్లో ముంగిస తిరిగిందట. రాత్రి గుడి మీద గుడ్లగూబ కూసిందట. కబురు పూర్తయ్యేలోగానే ఎవరో ఒకరు కర్ర అందుకోవడం పరిపాటి. ఆ కర్ర ఎవరి మీద పడుతోందన్నదే ఆలోచించవలసిన సంగతి. ప్రాణం తీసే పాము చీకట్లో తప్పించుకుంటోంది. పంటను కాపాడే పాము పట్టపగలు చస్తోంది.

వానలకు కలుగులు నీటితో నిండినప్పుడు ఎలుకలు గట్ల మీదికి, ఇళ్లలోకి చేరతాయి. వాటి వెంటే పాములూ వస్తాయి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరుసగా జరిగి జనం భయంతో అల్లాడారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే భయానికి మందు తెలివిడి. తెల్లవారింది మొదలు రాత్రి పడుకునేదాకా మన కంటపడే ప్రాణి ఏది, అది చేసే పని ఏమిటి అన్నది తెలిస్తే సగం భయం తీరుతుంది.

పెరటిలోని పనివాళ్లు

పొద్దున్నే పెరట్లోకి వెళితే ముందుగా పలకరించేవి పిట్టలే. మందార చెట్టు దగ్గర రెక్కలాడిస్తూ పూలలోకి ముక్కు దూర్చేది తేనెపిట్ట. కాకర పందిరి మీద గానీ, వంగ మొక్కల్లో గానీ తోక నిటారుగా ఎత్తి గట్టిగా అరిచే పిడికెడు పిట్ట దర్జీపిట్ట. ఇది ఆకుల అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, పత్తి పోగులతో, సాలెగూటి దారంతో కుట్టి, ఆ సంచిలో గూడు పెట్టుకుంటుంది. రోజంతా ఆకుల కింది పురుగులను ఏరి తింటుంది.

పిచ్చుక గింజలు తినే మాట నిజమే. కానీ పిల్లలకు మాత్రం పురుగులనే తెచ్చి నోట్లో పెడుతుంది. పెంకుటిళ్ల చూరుల్లో, తాటాకు కప్పుల్లో గూళ్లు పెట్టుకున్న పిచ్చుకకు డాబా ఇళ్లలో దూరడానికి సందు లేదు. వరండాలో ఒక చిన్న చెక్కపెట్టెనో, కుండనో వేలాడదీసి, నాలుగు వరి వెన్నులు కట్టిన ఇళ్లకు అది మళ్లీ వస్తుంది.

కంచె మీద తల ఊపే తొండను పిల్లలు రాళ్లతో కొడుతుంటారు. అది తినేది చీమలను, పురుగులను. పొదల్లో బరువుగా నడుస్తూ బొంగురు గొంతుతో కూసే జెముడుకాకి నత్తలను, మిడతలను, చిన్న ఎలుకలను కూడా వదలదు. వాన వెలిసిన రాత్రి బెకబెకలాడే కప్ప తినేదీ పురుగులనే. కప్పకాళ్ల కోసం వాటిని లెక్కలేకుండా పట్టి విదేశాలకు పంపిన రోజులున్నాయి. 1987లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

గట్టు వెంట నడిచేవారికి

నాగలి గానీ, ట్రాక్టరు గానీ దిగిన చేలో వెనకే తెల్లకొంగల బారు నడుస్తుంది. తిరగబడిన మట్టిలోంచి బయటపడే పురుగులు వాటికి విందు. గట్టు పక్కన కదలకుండా నిలబడేది గుడ్డికొంగ. దగ్గరికి వెళ్లేదాకా కదలదు కనుక దానికి కళ్లు కనపడవనుకున్నారు. కాళ్లకు తగిలేంత దూరంలోంచి ఒక్కసారి తెల్లని రెక్కలు విప్పి ఎగిరినప్పుడు గానీ అది అక్కడ ఉన్నట్టు తెలియదు. గట్లకు చిల్లులు పెట్టే పీతలను పట్టేవాటిలో నీలిరెక్కల లకుముకి పిట్ట కూడా ఒకటి.

కరెంటు తీగ మీద గానీ, గేదె వీపు మీద గానీ కూర్చునే చీలిన తోక నల్లపిట్టను పసులపోలిగాడు అంటారు. ఎగిరే పురుగును గాలిలోనే పట్టడంలో దీన్ని మించినది లేదు. వరి చేలో టి ఆకారంలో కర్రలు పాతి పక్షి స్థావరాలు ఏర్పాటు చేయమని వ్యవసాయ శాఖ వారు చెప్పేది ఇలాంటి పిట్టల కోసమే. కూర్చునే చోటు చూపిస్తే చాలు, కూలి అడగని పనివాడు దొరికినట్టే. గింజ పట్టే దశ రాగానే ఆ కర్రలు తీసేయాలి. లేకపోతే గింజ తినే పిట్టలకు అవే ఆసరా అవుతాయి.

కాలువ గట్టున తాటిమట్టలకు, తుమ్మ కొమ్మలకు వేలాడే గూళ్లు గిజిగాడివి. వరి ఆకును సన్నని పేలికలుగా చీల్చి మగపిట్ట గూడు సగం అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే మిగిలిపోతుంది. సగం అల్లి వదిలిన గూళ్లు కనిపించేది అందుకే.

దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని ఊరి బయటికి వెళ్లి వెతుకుతారు. ఉమ్మడి రాష్ట్రంలో అది రాష్ట్ర పక్షి. తెలంగాణ దాన్నే ఉంచుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. దర్శనం పేరుతో పాలపిట్టను పట్టి పంజరంలో ఊరేగించినా, ముచ్చటకని రామచిలుకను పంజరంలో పెంచినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

చీకటి పడ్డాక కాపలా

గుడ్లగూబ అరిస్తే కీడని, ఇంటి మీద వాలితే ఇల్లు వదలాలని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. గుడి గోపురాల్లో, పాడుబడిన మిల్లుల్లో ఉండే తెల్లముఖం గుడ్లగూబ ఏం తింటుందో తెలుసుకోవాలంటే అది వాలే చోటు కింద నేలను చూడాలి. బొచ్చు, ఎముకలు కలిసిన నల్లని ఉండలు పడి ఉంటాయి. అరగని వాటిని అది అలా కక్కేస్తుంది. ఒక ఉండను పుల్లతో విప్పితే ఎలుక పుర్రెలు, పళ్లు బయటపడతాయి. ఎలుకలు వరి దుబ్బులు కొరికి, వెన్నులు కోసి కలుగుల్లోకి లాక్కుపోతుంటే తెల్లవార్లూ మేలుకొని వాటిని వేటాడేది ఈ అపశకునపు పిట్టే. మందు తిని చచ్చిన ఎలుకను చేలోనే వదిలేస్తే, దాన్ని తిన్న గుడ్లగూబకూ ముప్పే. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టడం మంచిది.

ముంగిసకు కాటు తగిలితే ఏదో వేరు నమిలి విషం విరుచుకుంటుందని చెప్పుకుంటారు. అలాంటి వేరేదీ లేదు. తాచు విషం అంత సులువుగా పట్టుకోని తీరు దాని ఒంట్లోనే ఉంది. దానికి తోడు చురుకుదనం. కుంచెల తయారీకి బొచ్చు కోసం ముంగిసలను చంపడం చాలాకాలం సాగింది. అదీ ఇప్పుడు నేరమే.

నాగాయలంక, కోడూరు వైపు మడ అడవుల అంచున రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రిపూట ఒళ్లంతా మచ్చలున్న పెద్ద పిల్లి కనిపిస్తే చిరుతపులి పిల్ల అని అలజడి పడటం కద్దు. అది నీటిపిల్లి. కొందరు బావురుపిల్లి అంటారు. నీళ్లలోకి దిగి చేపలను పట్టడం దాని ప్రత్యేకత. కృష్ణా అభయారణ్యం దాని స్థావరాల్లో ఒకటి. మనుషుల జోలికి రాదు.

జెర్రిపోతు చేసిన తప్పేమిటి?

నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చేతులే మర్నాడు జెర్రిపోతు మీద కర్ర ఎత్తుతాయి. ఆరడుగుల పైన పెరిగే ఈ పాముకు విషం లేదు. పగలు తిరుగుతుంది కనుక అందరి కంటా పడేది అదే. అందుకే ఎక్కువగా చచ్చేదీ అదే. ఎలుక కలుగులోకి దూరి పిల్లలతో సహా తినగలిగిన ప్రాణి ఇది. దీన్ని చంపిన చేలో ఎలుకలు పెరుగుతాయి. ఆ ఎలుకల కోసం రక్తపింజర వస్తుంది. చంపినవాడు తన గట్టు మీదికి తానే విషాన్ని పిలుచుకున్నట్టవుతుంది.

తాచు ఆడది, జెర్రిపోతు మగది అన్నది వట్టి మాట. రెండూ వేర్వేరు జాతులు. దేనిలో ఆడా మగా దానికే ఉన్నాయి. రెండు జెర్రిపోతులు పెనవేసుకొని లేస్తే అది జత కట్టడం అనుకుంటారు. చాలావరకు అది రెండు మగ పాముల కుస్తీ. పాము పగబట్టి వెతుక్కుంటూ రావడం కూడా కథల్లోనే.

నీరుకట్టుకు, పసిరిక పాముకు కూడా మనిషి ప్రాణం తీసే విషం లేదు. రెండుతలల పాముకు తోక మొద్దుగా ఉండటమే తప్ప రెండో తల లేదు. దాన్ని లక్షలకు కొంటామని తిరిగేవాళ్లు మోసగాళ్లు. నమ్మినవారు డబ్బు పోగొట్టుకోవడమే కాక కేసులో ఇరుక్కుంటారు.

రస్సెల్ దొర రాసుకున్న తెలుగు పేర్లు

ఏది విషపు పాము, ఏది కాదు అన్న ప్రశ్న ఈనాటిది కాదు. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాములను సేకరించి పరిశీలించాడు. 1796లో వెలువడిన ఆయన పుస్తకంలో పాముల బొమ్మల కింద ఇక్కడి జనం చెప్పిన తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. అందులో ఒకటి కాటుకరేకుల పొడ. ఒంటి మీద కాటుక గీతలు దిద్దిన మచ్చలున్న పొడపాము, అంటే మన రక్తపింజర. తర్వాత ఆ పాముకు శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరే పెట్టారు. ఆయన రాసుకున్న బంగారు పాము అన్న మాట నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అన్న శాస్త్రీయ నామం వచ్చింది. ప్రపంచమంతా వాడే పేరు తెలుగు పల్లె నోట పుట్టింది. అంత చూపున్న పల్లెల్లోనే ఇప్పుడు కనపడిన ప్రతి పామూ ‘పురుగే’ అయింది.

ముఖ్యంగా గుర్తించవలసినవి మూడు

ఈ ప్రాంతంలో జాగ్రత్త పడవలసిన పాములు ముఖ్యంగా మూడు. రక్తపింజర పొట్టిగా, లావుగా ఉంటుంది. వీపు మీద గొలుసులాగా మూడు వరసల మచ్చలు ఉంటాయి. దగ్గరికి వెళితే కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. వరి పనల కింద, గడ్డివాముల్లో, గట్ల మీది గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. కొండచిలువ పిల్ల అనుకొని చేత్తో పట్టి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు.

కట్లపాము నిగనిగలాడే నలుపు. ఒంటి మీద సన్నని తెల్ల చారలు ఉంటాయి. రాత్రే తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకొని ఆలస్యం చేయకూడదు. మూడోది అందరికీ తెలిసిన నాగుపాము, పడగ విప్పేది.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల మంది. వీరిలో సగం మంది జూన్, సెప్టెంబరు నెలల మధ్య పోయినవారు. ఎక్కువ మంది పల్లెల్లో ఉండేవారే. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

కాటు పడితే

కరిచినచోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, పసర్లు పూయడం అన్నీ చెరుపు చేసేవే. ఉంగరాలు, గాజులు, మొలతాడు వంటివి తీసేయాలి. ఎముక విరిగినప్పటిలా కరిచిన కాలినో, చేతినో బద్ద పెట్టి కదలకుండా ఉంచాలి. నడిపించకూడదు. 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెంటనే చేర్చాలి. మంత్రం వేయించే గంట సేపే ప్రాణం తీసే గంట కావచ్చు. ఏ పామో చూపించాలని వెంటపడి పట్టనక్కరలేదు. ఈ మూడు పాముల విషానికీ ఆసుపత్రిలో ఇచ్చే మందు ఒకటే.

అసలు కాటు పడకుండా చూసుకోవడం మరీ తేలిక. చీకట్లో టార్చిలైటు లేకుండా గట్టు ఎక్కరాదు. పొలంలో బూట్లు వేసుకోవాలి. పనలు, కట్టెలు ఎత్తేముందు కర్రతో కదిలించాలి. నేల మీద కాక మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవాలి. ఇంటి పక్కన గడ్డివాము, పిడకల గుట్ట, చెత్త లేకుండా చూసుకుంటే ఎలుక రాదు. ఎలుక రాని ఇంటికి పాము రావడమూ తగ్గుతుంది. వచ్చినా దూరం జరిగి, దారి వదిలి, అటవీశాఖ సిబ్బందికో, పాములు పట్టడంలో శిక్షణ పొందినవారికో కబురు చేయాలి.

ఊళ్లో ప్రతి పిల్లవాడికీ బస్సుల నంబర్లు, సినిమా హీరోల పేర్లు తెలుసు. తాతలకు తెలిసిన పసులపోలిగాడు, గుడ్డికొంగ, జెర్రిపోతు పేర్లు కూడా వాళ్లకు తెలియాలి. పొలానికి వెళ్లేటప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని చూపిస్తే చాలు. పేరు తెలిసిన ప్రాణి మీద కర్ర లేవడం కష్టం. పేరు తెలిసిన పాము దగ్గరికి చేయి పోవడమూ కష్టమే.