అతుకుల బొంతకు ఎన్ని ముక్కలు కావలెను?

పాతచీరలను పొరలుగా పరచి కుట్టిన బొంతను ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. వంగదేశమున దీనినే కాంథా యనియు, కన్నడదేశమున కౌది యనియు వ్యవహరింతురు. రంగురంగుల చదరపు ముక్కలను వరుసలుగా జోడించి పైపొర తయారుచేసినచో అది అతుకుల బొంత యగును. ఇందులో కంటికి అందమును కలదు, ఇంటికి పొదుపును కలదు. కాని సూదికన్న ముందు ఇచ్చట లెక్క కావలెను. అమ్మమ్మ కట్టిన చీర అంగడిలో మరల దొరకదు. ముక్క ఒకసారి చిన్నదిగా తెగినచో దానిని పెద్దది చేయు ఉపాయము లేదు. కనుక కత్తెర పట్టుటకు ముందు కాగితమును, పెన్సిలును చేతబట్టుట మేలు.

మొదట బొంత కొలతను నిర్ణయించుకొనవలెను. ఒకరు పరుండు మంచమునకు 60 అంగుళముల వెడల్పును, 90 అంగుళముల పొడవును గల బొంత చాలును. పిమ్మట ముక్క కొలత. బడిలో పిల్లలు నేర్చు గరిష్ఠ సామాన్య భాజకము ఇచ్చట అక్కరకు వచ్చును. 60కిని 90కిని అది 30. ఈ 30ని శేషము లేకుండ భాగించు 5, 6, 10 అను అంకెలలో దేనినైనను ముక్క కొలతగా గైకొనవచ్చును. 7 అంగుళముల ముక్కయే కావలెనన్నచో బొంతనే 63 అంగుళములకు 91 అంగుళములుగా మార్చుకొనవలసి యుండును.

మనము 6 అంగుళముల ముక్కను తీసికొందము. వెడల్పున 10, పొడవున 15. వెరసి 150 ముక్కలు. లెక్క ముగిసినదని తోచును గాని, అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. ముక్కకు నాలుగు ప్రక్కలను పావు అంగుళము చొప్పున గుడ్డ కుట్టులోనికి పోవును. కావున కుట్టిన పిదప 6 అంగుళములు నిలువవలెనన్నచో 6½ అంగుళములుగా కోయవలెను. ఈ అర అంగుళమును మరచి 6 అంగుళములకే కోసినచో ఒక్కొక్క ముక్క 5½ అంగుళములే మిగులును. అప్పుడు బొంత వెడల్పు 55, పొడవు 82½ అంగుళములకు దిగిపోవును. ఆ చిన్న ముక్కలతోనే మంచము నిండవలెనన్నచో వెడల్పున 11, పొడవున 17, అనగా 187 ముక్కలు కావలెను. అర అంగుళపు ఏమరుపాటునకు 37 ముక్కల దండుగ!

ఇక గుడ్డ యెంత? వైశాల్యమును వైశాల్యముచే భాగించుట సరికాదు. 45 అంగుళముల పన్నా గల చీరలో అడ్డముగా 6½ అంగుళముల ముక్కలు ఆరే వచ్చును. ఏడవ దానికి అర అంగుళము చాలదు. కనుక 150 ముక్కలకు 25 పట్టీలు, అనగా 162½ అంగుళముల పొడవు, నాలుగున్నర గజములపై అర అంగుళము కావలెను. వైశాల్యమునుబట్టి లెక్కించినవారికి 141 అంగుళములు చాలునని తోచును. చివరకు మూడు పట్టీలకు పైగా తక్కువపడును.

రెండు రంగులను చదరంగపు గళ్లవలె అమర్చినచో ఒక్కొక్క రంగునకు 75 ముక్కలు. అయితే నాలుగు మూలలును ఒకే రంగున నుండవలెనన్న కోరిక గలవారు రెండు వైపులను బేసి సంఖ్యలు వచ్చునట్లు చూచుకొనవలెను. వెడల్పున 11, పొడవున 15 పెట్టినచో 165 ముక్కలు. మూలలలోని రంగునకు 83, రెండవదానికి 82. అప్పుడు బొంత వెడల్పు 66 అంగుళములగును.

కోయుటకు ముందు గుడ్డలన్నిటిని ఉతికి ఆరవేయవలెను. కుంచించుకొనునది అప్పుడే కుంచించుకొనును. వెలిసిపోవు రంగు అప్పుడే బయటపడును. నూలుతో నూలునే జతపరచవలెను. గట్టి అట్టను 6½ అంగుళముల చదరముగా కోసి, దానిని చీరపై నుంచి సుద్దతో గీతలు గీయవలెను. వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినప్పుడు పలుచబడి కనిపించు చోటులను విడిచిపెట్టవలెను. గీసిన గళ్లు 150కి మించి మరి నాలుగైదు వచ్చిన పిమ్మటనే కత్తెర వేయవలెను.

ఇంటిలో ఐదు పాతచీరలున్నవనుకొందము. ఒక్కొక్కదానినుండి 30 ముక్కలు, అనగా ఐదు పట్టీలు, 32½ అంగుళముల పొడవు. గజమునకు లోపుగనే తీరిపోవును! ఇరుప్రక్కల రెండేసి అంగుళముల అంచు తీసివేసినను మిగిలిన 41 అంగుళములలో ఆరు ముక్కలు ఇముడును. ఐదు చీరలనుండి అట్లు తీసిన అంచులు 325 అంగుళములగును. బొంత చుట్టుకొలత 300. ఆ అంచులే బొంతకు అంచులగును. కావున లెక్క తెలిసిన ఇల్లాలు జ్ఞాపకార్థము దాచిన చీరను రూపుమాపనక్కర లేదు. గజములోపు గుడ్డను మాత్రము బొంతకిచ్చి, పైటకొంగును పెట్టెలో పదిలముగా ఉంచుకొనవచ్చును.