బస్సు చివరి ఉకారం: అపోహలు – వాస్తవాలు

'బస్సు', 'పెన్ను', 'స్కూలు' అనే పిల్లలకు ఇంగ్లీషు ఎన్నటికీ సరిగా రాదని, మాట చివరి ఉకారం చదువులేనితనానికి గుర్తని, దాన్ని వదిలించాలంటే ఇంట్లో తెలుగు మాట్లాడటమే మానాలని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు చదువుకున్న కుటుంబాల్లో సైతం ఒక నమ్మకం వినిపిస్తున్నది. నోరు విప్పడానికి జంకే పిల్లలు, మనవలతో మాట్లాడటానికి వెనకాడే అవ్వలు దీని ఫలితం కనుక ఉపేక్షించడం తగదు.

తెలుగు అజంత భాష, అంటే మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగిసే భాష; హల్లుతో ముగిసే పరాయి మాట ఇందులో కుదురుకొని 'లో', 'కు', 'లు' వంటి ప్రత్యయాలను అందుకోవాలంటే చివర ఒక అచ్చు కావాలి, ఆ పనిని ఉకారం చేస్తుంది. అది ఇష్టానుసారం చేరేదీ కాదు. ముందున్న అచ్చు హ్రస్వమైతే హల్లు ద్విత్వమై బస్సు, పెన్ను, కప్పు అవుతాయి. దీర్ఘమైతే కారు, నోటు, స్కూలు అని ఒంటి హల్లే నిలుస్తుంది. రోడ్డు వంటి కొన్ని ఈ సూత్రానికి లొంగకపోయినా బహువచనంలో తెలుగు దారినే నడుస్తాయి: గుడ్డు గుడ్లయినట్టు రోడ్డు రోడ్లవుతుంది, చెట్టు చెట్లయినట్టు టిక్కెట్టు టిక్కెట్లవుతుంది. పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె గనిలో తవ్వే యురేనియానికైతే ఉకారం అక్కరే లేదు; చివరి 'అం' వల్ల ఆ మాట పుస్తకం, మందారం వరుసలో చేరి, 'పుస్తకానికి' అన్నట్టే 'యురేనియానికి' అనిపించుకుంటుంది. ఎవరూ నేర్పకుండానే ఐదేళ్ల బిడ్డ ఇన్ని సూత్రాలు పాటిస్తుంటే దానికి అజ్ఞానమని పేరు పెట్టడం అన్యాయం.

ఈ పద్ధతి ఇంగ్లీషుతో మొదలైనదీ కాదు. ప్రొద్దుటూరికి చేరువలోని కలమళ్లలో లభించిన శాసనాన్ని, సుమారు క్రీ.శ. 575 నాటి ఆ శిలను, చరిత్రకారులు తొలి తెలుగు శాసనంగా లెక్కిస్తారు. అందులో రేనాడు అనే ప్రాంతపు పాలకుడి సంస్కృత నామం తెలుగు పుంలింగ ప్రత్యయాన్ని చేర్చుకొని 'ధనంజయుదు' అయి కనిపిస్తుంది. అప్పుడు సంస్కృతానికి జరిగినదే ఇప్పుడు ఇంగ్లీషుకు జరుగుతున్నది. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువునే వెలువరించాడు. ఇంగ్లీషువారు సైతం మన పందికొక్కును తమ నాలుకకు అనువుగా 'బ్యాండికూట్' చేసుకున్నారు, కడపను 'కడ్డపా' అన్నారు. ఆ పాత వర్ణక్రమం అధికారికంగా మారింది 2005లోనే. వారి నాలుక తీరును ఎవరూ చదువులేనితనమనలేదు.

జపాను పరాయి మాటను గడప తొక్కనివ్వకుండా ఎదిగిందన్నది మరో అపోహ. జపనీయులు ప్రధానంగా అన్యదేశ్యాలకు కతకానా అనే లిపినే వాడుతూ, బస్‌ను 'బసు', మిల్క్‌ను 'మిరుకు', బెడ్‌ను మన 'బెడ్డు'కు దగ్గరగా 'బెద్దొ' అంటారు. 'ఇస్కూలు' అనడం సోమరితనమనే మాట కూడా నిలవదు. 'శ్రీ'ని 'సిరి' చేసిన నాలుకకు పదాది సంయుక్తాక్షరాన్ని విడదీసుకోవడం పాత అలవాటు. అరువు మాట పాత అర్థాన్నే మోస్తుందనుకోవడం అంతకన్నా తప్పు: ఇంగ్లీషులో ఒక పక్షంలోని చీలిక వర్గాన్ని చెప్పే 'ఫ్యాక్షను' రాయలసీమలో తరాల పగలకు, హత్యలకు పేరైంది.

అయితే ఇంగ్లీషు మాటలు తెలుగు మాటలను మింగుతున్నాయన్న ఆరోపణలో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. కారు, బోరు, కరెంటు కొత్త వస్తువులతో వచ్చి ఖాళీ చోట కూర్చున్నాయి కాని, పెదనాయన, చిన్నాయన, మామ అనే వేర్వేరు బంధుత్వాలను 'అంకుల్' ఒక్కటే తుడిచివేయడం, అన్నం 'రైస్' కావడం పూరించలేని నష్టం. కాబట్టి దిద్దవలసినది పిల్లల ఉకారాన్ని కాదు, ఇలా ఉన్న మాటను వదులుకునే పెద్దల అలవాటును.

తెలుగు వాక్యంలో 'బస్సు' అని, ఇంగ్లీషు వాక్యంలో 'బస్' అని రెండింటినీ వేరుగా పలకడం పిల్లలు సులువుగా నేర్చుకోగలరు. ఉపాధ్యాయులు ఆ తేడాను నవ్వకుండా, మందలించకుండా చెప్పాలి. తల్లిదండ్రులు అవ్వతో పిల్లల మాటలను ఆపకూడదు.